ముప్ఫై ఐదేళ్లవారికి నలభై రోజుల శిక్షణా?

సంపాదకులకు,

ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో సేవ చేసే టెరిటోరియల్ ఆర్మీ నియామక ప్రకటన పడితే చాలు, కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలోనూ అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల (పీటీసీ) మైదానంలోనూ తెల్లవారుజామున జనం పెరుగుతారు. వాళ్లలో ఇరవై ఏళ్ల కుర్రాళ్లే కాదు, ముప్ఫై రెండు, ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగస్తులూ ఉంటారు. టెరిటోరియల్ ఆర్మీలో 42 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి ఆ ఆశ న్యాయమైనదే. వీళ్లు కాక, పారా ప్రొబేషన్‌కో (పారా దళంలో చేరేముందు పెట్టే కఠిన పరీక్షా కాలం), ఎన్‌ఎస్‌జీ కమాండో దళానికో వెళ్లాలనుకునే జవాన్లు సెలవులో ఇంటికొచ్చి ఇవే మైదానాల్లో సాధన చేస్తారు. వీళ్లందరి చేతికీ అందుతున్నది ఒకటే పట్టిక: ‘నలభై రోజుల్లో ఫిట్‌నెస్’. శిక్షణ కేంద్రాల కరపత్రాల్లోనూ అదే, పత్రికల కెరీర్ పేజీల్లోనూ అదే. ఇరవై ఏళ్లవాడికే అది చాలీచాలని పట్టిక. ముప్ఫై దాటినవాడి చేత ఎముక విరగ్గొట్టిస్తుంది.

ముందుగా ఒక గందరగోళం తీరాలి. టెరిటోరియల్ ఆర్మీ అధికారి పోస్టుకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్‌ఎస్‌బీ (అధికారుల ఎంపిక మండలి పరీక్షలు), వైద్య పరీక్ష ఉంటాయి. గడియారం పెట్టి పరుగెత్తించేది సిపాయి నియామక ర్యాలీలో. సైన్యం ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు, 10 బీమ్‌లకు (కమ్మీ పట్టుకుని గడ్డం పైకి లేపే పుల్‌అప్‌లు) 40. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 82 సెకన్లు. మన రాష్ట్ర పోలీసు పరీక్షలో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషాలు, రౌండుకు రెండు నిమిషాలన్నమాట. పోలీసు పరుగు పాసైన ధైర్యంతో ర్యాలీకి వెళ్లేవారు ఈ తేడా లెక్క వేసుకోవడం లేదు. ఇక పారా ప్రొబేషన్ లాంటి చోట పరుగొక్కటే చాలదు. వీపున పిట్టూ (సైనికుల బరువు సంచి) మోస్తూ, నిద్ర లేకుండా, గంటల తరబడి నడవాలి.

ముప్ఫై దాటిన శరీరంలో అన్నీ ఒకే వేగంతో సిద్ధం కావు. గుండె, ఊపిరి నాలుగైదు వారాల్లోనే మాట వింటాయి. కండరం రెండు నెలలు తీసుకుంటుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు, ఎముకకు అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. పైగా కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత పదార్థాన్ని తీసేస్తుంది, ఆ తర్వాతే కొత్తది నింపుతుంది. తీసే పని వేగం, నింపే పని నెమ్మది. అందువల్ల మూడో వారం నుంచి కొన్ని వారాల పాటు ఎముక మొదటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే అభ్యర్థికి ఆయాసం తగ్గి హుషారు పుడుతుంది, రోజుకు రెండు పూటలా పరుగెత్తుతాడు. నలభై రోజుల పట్టికలో వేగం పెంచే ఘట్టం కూడా అక్కడే ఉంటుంది. గాయాలు ఐదో వారంలో మొదలవడానికి కారణం ఇదే.

కాబట్టి గడువు 24 వారాలు. మొదటి ఎనిమిది వారాలూ వారానికి నాలుగు రోజులే పరుగు, మొత్తం 12 నుంచి 15 కిలోమీటర్లతో మొదలు. తొలి రెండు వారాలు నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. వేగం ఎంతంటే, పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ప్రతి నాలుగో వారం దూరాన్ని మూడో వంతు తగ్గించాలి. చాలామంది సోమరితనంగా భావించి వదిలేసేది ఈ వారాన్నే, ఎముక నిండేదీ ఈ వారంలోనే. తొమ్మిదో వారం నుంచి వారానికి ఒక్కరోజు మాత్రమే వేగం పని: 200 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 200 మీటర్ల నడక. పదమూడో వారం నుంచి 400 మీటర్లు ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. వేగం ఇతరులను చూసి పెట్టుకునేది కాదు. ఈరోజు తాను 1600 మీటర్లు పరుగెత్తే సగటు కంటే రౌండుకు మూడు నాలుగు సెకన్లు మాత్రమే తక్కువ. ఏడు నిమిషాలవాడు మొదటి రోజే 82 సెకన్ల రౌండు కొడితే తొడ వెనక కండరం పట్టేస్తుంది, నెల పోతుంది.

ఎక్కడ పరుగెత్తాలన్నదీ చిన్న విషయం కాదు. తారు రోడ్డు అంచు వైపు వాలుగా ఉంటుంది, రోజూ ఒకే పక్క పరుగెత్తితే ఒక కాలిపైనే ఒత్తిడి పడుతుంది. కేసీ కెనాల్ గట్టు మీది మట్టిబాట నయం. కర్నూలు వైపు నల్లరేగడి చేల బాటలు ఎండాకాలం నెర్రెలిచ్చి చీలమండ మెలిపెడతాయి, వానపడితే బూటుకు కిలో మట్టి అంటుతుంది. ఎర్రనేలల అనంతపురంవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు.

బరువు నడక గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. డెబ్బై కిలోల మనిషి ఏడు కిలోలతో మొదలుపెట్టాలి. వారానికి ఒక్కసారే, నాలుగు కిలోమీటర్లు, కిలోమీటరుకు పది పదకొండు నిమిషాల చొప్పున. రెండు వారాలకోసారి బరువైనా రెండు కిలోలు పెంచాలి, దూరమైనా ఒక కిలోమీటరు పెంచాలి. రెండూ కలిపి పెంచకూడదు. ఇరవై నాలుగో వారానికి 20 కిలోల దాకా వస్తే సాధారణ ఉద్యోగస్తుడికి అది మంచి స్థాయి. ఇటుకలు సంచిలో జారి నడుముకు గుచ్చుకుంటాయి. బియ్యమో ఇసుకో మూట కట్టి, తువ్వాలు చుట్టి, భుజాల మధ్య ఎత్తులో బిగించాలి. బరువు కిందికి జారితే నడుము ముందుకు వంగుతుంది, పట్టీలు భుజాలను కోస్తాయి. చేతులు తిమ్మిరెక్కినా, చేయి పైకి లేవకపోయినా పట్టీ కింద నరం నలిగినట్టు. వెంటనే దించాలి, ఓర్చుకునే నొప్పి కాదది. బరువుతో పరుగెత్తడం శిక్షకుడి పర్యవేక్షణలో, అదీ చివరి దశలోనే. కర్నూలువాళ్లు జగన్నాథగట్టు ఎక్కుతారు, మంచిదే. ఎక్కడం గుండెకు పని, దిగడం మోకాలికి శిక్ష. మొదటి నెల ఎక్కేటప్పుడు బరువుతో ఎక్కి, దిగేటప్పుడు మూట సగం ఖాళీ చేయండి. బరువుకు ఇసుక బదులు నీళ్ల సీసాలు పెట్టుకుంటే ఇది తేలిక.

నొప్పులను వేరుచేసి చూడటం ప్రతి అభ్యర్థికీ రావాలి. మోకాలి కింద ముందువైపు ఎముక లోపలి అంచున, అరచేతితో రుద్ది చూపించేంత పొడవునా నొప్పి ఉంటే దూరం సగానికి తగ్గించి, రెండు వారాలు మెత్తని నేల మీద నడవాలి. ఒక్క వేలితో తాకి ‘ఇక్కడే’ అనగలిగిన నొప్పి, ఒంటికాలిపై గెంతితే చురుక్కుమనేది, రాత్రి పడుకున్నా పోనిది అయితే ఎముక పగులు కావచ్చు. పరుగు ఆపి ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. ‘ఎక్స్‌రే నార్మల్’ అనగానే మళ్లీ మైదానానికి పోయేవారి వల్లే చిన్న పగులు పెద్దదవుతోంది.

మడమ పైనున్న స్నాయువు ఉదయం మంచం దిగగానే బిర్రుగా ఉండటం ముప్ఫైలలో మామూలే. దానికి ఇంట్లోని నాపరాయి మెట్టు చాలు. మెట్టు అంచున మునివేళ్లపై నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలితో నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించాలి. 15 చొప్పున మూడుసార్లు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గర అతుక్కునే చోట ఉంటే మాత్రం మెట్టు కిందికి దించకూడదు, సమతలం దాకానే.

బీమ్ విషయంలో ఓపికే మందు. ఒక్కటి కూడా రానివారు స్టూలెక్కి గడ్డం కమ్మీ పైకి చేర్చి, ఐదు సెకన్లలో కిందికి దిగాలి. అలా మూడేసి చొప్పున నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. రెండు వచ్చేవారు రోజంతటిలో విడివిడిగా రెండేసి తీయాలి. చేతులు ఒణికేదాకా వేలాడితే మోచేతి లోపలివైపు నొప్పి పట్టుకుని నెలల తరబడి వదలదు.

దండీలు, బస్కీలు శిక్షగా వేయించే అలవాటు కొన్ని శిక్షణ కేంద్రాల్లో ఇంకా ఉంది. అలవాటు లేనివాడి చేత ఒక్కసారే మూడొందల బస్కీలు తీయిస్తే తొడ కండరం చితికి, దాని అవశేషాలు మూత్రపిండాలను దెబ్బతీసే ముప్పుంది. ఒకటి రెండు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తే అదే సంకేతం, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

‘ధోనీ చేయలేదా?’ అంటుంటారు. నిజమే, టెరిటోరియల్ ఆర్మీ పారా బెటాలియన్‌లో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్‌గా ఆయన 2015లో, 34 ఏళ్ల వయసులో, ఆగ్రాలో ఐదు పారాచూట్ జంప్‌లు పూర్తిచేశాడు. అప్పటికి ఆయన కాళ్లకు పదేళ్ల అంతర్జాతీయ క్రికెట్ సాధన ఉంది. పదేళ్లు కుర్చీలో కూర్చున్న కాళ్లతో పోలిక కుదరదు. అందుకే 35 దాటినవారు మొదలుపెట్టే ముందు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోవాలి. ఈ వయసు దాటాక వ్యాయామంలో హఠాత్తుగా కుప్పకూలడానికి ప్రధాన కారణం గుండె రక్తనాళాల్లో పూడిక. పొగతాగేవారైతే ఇంకా ముఖ్యం.

రాయలసీమ ఎండ ప్రత్యేకం. ఏప్రిల్, మే నెలల్లో శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. బరువు తగ్గాలని రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తేవారిని ఎవరు చూసినా ఆపాలి. పడిపోయి మాట తడబడుతున్నవాడు వడదెబ్బ తిన్నట్టే. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా నీళ్ల తొట్టిలో పడుకోబెట్టి, తలను నీటి పైన పట్టుకుని, ముందు చల్లబరచాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

అధికారులు చేయగలిగినవి పెద్ద ఖర్చు కానివే. స్టేడియాల్లో ఉదయం నాలుగున్నరకు దీపాలు, రెండు ఎత్తుల్లో బీమ్ కమ్మీలు, మనిషి పట్టేంత నీళ్ల తొట్టి ఒకటి. శిక్షణ కేంద్రాలు చేరే రోజునే వయసు అడిగి, 35 దాటినవారి దగ్గర వైద్య పత్రం తీసుకుని, వేరే బ్యాచ్ పెట్టాలి. మీ కెరీర్ పేజీకి కూడా ఒక మనవి: ప్రకటన పడిన వారంలో నలభై రోజుల పట్టిక వేసే బదులు, ఇరవై నాలుగు వారాల పట్టికను ప్రకటన ఏదీ లేని రోజుల్లోనే వేయండి.

— ఇద్దరు విశ్రాంత పీటీ ఉస్తాద్‌లు,
కర్నూలు