రిచీ స్ట్రీట్‌లో నా పాత 486 కంప్యూటర్‌ను బతికించిన పెద్దాయనకు

గత శనివారం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో, ఒక మేడమెట్ల కింద సోల్డరింగ్ పని చేసుకుంటున్న పెద్దాయనకు, పేరైనా అడగకుండా వచ్చేసినందుకు సిగ్గుపడుతూ, ఇక్కడ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

1993లో వచ్చిన డూమ్ ఆటను అప్పటి యంత్రం మీదే ఆడాలన్న పిచ్చితో నేను కూర్చుకున్న 66 మెగాహెర్ట్జ్ 486 డీఎక్స్2 కంప్యూటర్‌లో కీబోర్డు పనిచేయడం మానేసింది. రెండు దుకాణాల్లో పాత సామాన్ల వాడికి వేసేయమన్నారు. ఫోన్‌లో మా ఆవిడతో వాపోతున్న నా తెలుగు విని ఆయనే పిలిచారు: "ఏదీ బాబూ, ఇటివ్వు, చూద్దాం."

కంప్యూటర్ ఆపినా తేదీ గుర్తుండేలా చేసే, మదర్‌బోర్డు (ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, ఆ క్షారం కీబోర్డు సాకెట్‌కు పోయే రాగి గీతలను తినేసిందని భూతద్దంలో చూపించారు. పచ్చటి చిలుము పట్టిన ఆ గీత మధ్యలో వెంట్రుకవాసి తెగి ఉంది. బ్యాటరీని తీసేసి, క్షారం విరగడానికి వెనిగర్ అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, తెగిన చోట సన్నటి తీగ అతికారు. పాత బ్యాటరీ బదులు నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని పెడుతూ, అది ఛార్జింగ్ చేయకూడని రకం కాబట్టి, బోర్డు నుంచి కరెంటు దానిలోకి ఎదురెక్కకుండా ఒక డయోడ్ కూడా వేశారు. నేనైతే ఆ సంగతి తెలియక నేరుగా అతికించి ఉండేవాణ్ణి.

డబ్బులివ్వబోతే టీ చాలన్నారు. అయ్యా, మీ చలవ వల్ల ఇప్పుడు స్విచ్ ఆపినా నా కంప్యూటర్ తేదీ మరిచిపోవడం లేదు.