గ్యాప్ ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారా?

సంపాదకులకు,

మహిళలు, దివ్యాంగులు మరింతమంది కావాలంటాయి ఐటీ కంపెనీలు. వడపోత మాత్రం పాతదే. పది, ఇంటర్, బీటెక్‌లలో 60 శాతం మార్కులుండాలి, చదువులో గానీ ఉద్యోగంలో గానీ గ్యాప్ (విరామం) ఉండకూడదన్న షరతు పెడితే, ప్రసవం తర్వాత రెండేళ్లు ఆగిన టెస్టింగ్ ఇంజినీరు దరఖాస్తును మనిషి చూడకముందే సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. ముందు ఆ షరతు ఎత్తేసి, కోడింగ్ పరీక్షను పేరు, కాలేజీ కనబడకుండా దిద్దించాలి.

ఆన్‌లైన్ పరీక్షలో కాపీని ఆపే నిఘా సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌నూ అడ్డుకుంటుంది. చూపులేని అభ్యర్థికి ప్రశ్నే వినబడదు. వారం ముందు నమూనా పరీక్ష లింకు పంపితే ఈ లోపం బయటపడుతుంది. ఇంటర్వ్యూ చేసినవారు ఎవరి మార్కులు వారు చర్చకు ముందే రాసివ్వాలి. లేకుంటే ‘మన టీముకు సరిపడడు’ అన్న సీనియర్ మాటే చెల్లుతుంది.

50 మంది, ఆపైన ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) తప్పనిసరని 2017 ప్రసూతి చట్ట సవరణే చెప్పింది. ఎక్కడో దూరాన ఉన్న క్రెష్‌తో ఒప్పందం చూపిస్తే, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసివచ్చే హక్కు ఎలా అమలవుతుంది?

— ఐటీ నియామకాల ఉద్యోగులు, మాదాపూర్, హైదరాబాద్