అలంకారాల పాఠంలోకి వాట్సాప్ సందేశమూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

పద్యంలో అతిశయోక్తి అలంకారాన్ని గుర్తించి, లక్షణం రాసి, సమన్వయం చేసి చూపే పదో తరగతి విద్యార్థి, ‘ఈ ఆకు నమిలితే మూడు రోజుల్లో షుగరు మాయం’ అన్న వీడియో శీర్షికలో అదే అతిశయోక్తిని పోల్చుకోలేకపోతే తప్పు అతనిది కాదు. అలంకారం పద్యానికే పరిమితమన్నట్టు నేర్పింది మనమే. కరపత్రం రాయండి, నినాదాలు తయారుచేయండి అని మన తెలుగు పాఠ్యపుస్తకాలు అభ్యాసాలు ఇస్తున్నాయి. అంటే ఎదుటివారిని ఒప్పించేలా రాయడం నేర్పుతున్నాం కానీ, మనల్ని ఒప్పించడానికి వచ్చిన మాటను విప్పి చూడడం నేర్పడం లేదు. ఆ రెండో పని కూడా తెలుగు తరగతిలోనే జరగాలన్నది నా విన్నపం.

ఇందుకు కావలసిన శాస్త్రం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. మాట మనల్ని మూడు దారుల్లో ఒప్పిస్తుందని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ వివరించాడు: చెప్పేవారి మీద కలిగే నమ్మకం, వినేవారిలో రేగే ఉద్వేగం, మాటలో కనిపించే తర్కం. మన తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముని న్యాయసూత్రాలు నిజం తేల్చుకోవడానికి చేసే వాదాన్ని, గెలవడానికి చేసే జల్పాన్ని, తన పక్షమేదీ నిలబెట్టకుండా ఎదుటివారిది ఖండించడమే పనిగా పెట్టుకునే వితండను వేరువేరుగా చూపించాయి. సామాజిక మాధ్యమాల్లో రాత్రింబవళ్లు సాగే వాగ్యుద్ధాల్లో చాలావరకు ఈ మూడో రకానివేనని ఎవరైనా ఒప్పుకుంటారు.

పోలీసులమని చెప్పి, వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ మోసాన్నే తీసుకుందాం. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక పోలీసు స్టేషన్‌లాంటి గది, ముద్ర వేసిన కోర్టు కాగితం: ఇదంతా మొదటి దారి, అంటే నమ్మకం. మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయి, మీ పరువు పోతుంది, మీ పిల్లల భవిష్యత్తు ఏమవుతుందో చూసుకోండి అనడం రెండో దారి. మన ఆధార్ నంబరు తప్పు లేకుండా చదివి వినిపించి, ఇంత కచ్చితంగా తెలిసినవారు అబద్ధం ఎందుకు చెబుతారన్న నిర్ణయానికి మనంతట మనమే వచ్చేలా చేయడం మూడోది. వీటికి తోడు తొందర పెట్టడం, కాల్ కట్ చేయవద్దనీ ఇంట్లో ఎవరికీ చెప్పవద్దనీ ఒంటరిని చేయడం ఉంటాయి. విశ్రాంత ఉద్యోగులు, బాగా చదువుకున్నవారు కూడా ఇందులో చిక్కుకోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా ఈ మూడు దారుల్లోనూ ఒకేసారి చుట్టుముట్టడం. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి స్వయంగా చెప్పవలసి వచ్చింది. మోసం జరిగాక ఫోన్ చేయడానికి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ఉంది. జరగకముందు ఆ మాటల అల్లికను పసిగట్టే అలవాటు మాత్రం చదువు వల్లనే రావాలి.

కుటుంబ గ్రూపుల్లో తిరిగే సందేశాల సంగతి వేరు. అక్కడ పంపేవారికి మనల్ని మోసగించే ఉద్దేశం ఉండదు. ఎవరి మాట ప్రమాణమో చెబుతూ ఆ న్యాయసూత్రాల సంప్రదాయం, విషయం స్వయంగా ఎరిగి, ఎరిగింది ఉన్నదున్నట్టు తెలియజెప్పాలనుకునేవారి మాట అంటుంది. మన పెదనాన్నకో పిన్నికో రెండో గుణం పుష్కలంగా ఉన్నా మొదటిది ఉండకపోవచ్చు. ప్రేమతో పంపారు గనుక నిజమై ఉంటుందనుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు దేశంలో పలుచోట్ల అమాయకుల ప్రాణాలు తీసినప్పుడు, జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పుతో, పాటలతో ఆ సందేశాల గుట్టు విప్పించారు. అదే ఏడాది వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. పరిమితి వేగాన్ని తగ్గించింది. చదివే తీరును మార్చింది మాత్రం గద్వాల ప్రయత్నమే అని నా నమ్మకం.

ఆన్‌లైన్ దుకాణాలు ‘ఇంకా రెండే మిగిలాయి’ అని అబద్ధం చెప్పి తొందరపెట్టడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం వంటి 13 పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. ఆ పట్టిక ఒక్కటే తరగతిలో మంచి పాఠమవుతుంది.

ఈ విద్య నేర్పితే పిల్లలు మాటకారి మోసగాళ్లవుతారన్న భయం కొందరికి ఉండవచ్చు. ఒంటితో తనను తాను కాపాడుకోలేకపోవడం సిగ్గుచేటైనప్పుడు మాటతో కాపాడుకోలేకపోవడం కాకుండా ఎలా పోతుందని అరిస్టాటిల్ ఆనాడే అడిగాడు. పైగా మోసం చేసేవారు మన బడులకు వచ్చి నేర్చుకోవడం లేదు.

కేరళలోని కన్నూరు జిల్లా 2018లోనే ప్రభుత్వ బడుల్లో బూటకపు వార్తలను గుర్తించే తరగతులు నడిపింది. మన రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలు కొత్త పుస్తకం వేయనక్కరలేదు. ఎనిమిది నుంచి పది వరకు తెలుగు వాచకాల్లో అలంకారాల పక్కన ఒక ప్రకటన, ఒక ఫార్వార్డ్ సందేశం, ఒక వీడియో శీర్షిక ఇచ్చి, ఇది మనల్ని ఏ దారిలో ఒప్పిస్తోంది, చెప్పినవారికి ఈ విషయం ఎలా తెలుసు, ఏం చెప్పకుండా దాచింది అని అడిగితే చాలు. పబ్లిక్ పరీక్షలో దీనికి మార్కులుంటేనే బడుల్లో పాఠం జరుగుతుంది గనుక, ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న కూడా కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
ఖమ్మం