సాక్ష్యాలు ధ్వంసమైన సంగతి ఎందుకు రాయలేదు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య గురించి డిసెంబరు చివరి వారంలో మీరు వేసిన అర పేజీ కథనం చదివి చాలా రోజులైంది. వెంటనే ఉత్తరం రాద్దామనుకున్నాను కానీ పండగకి పిల్లలు రావడంతో కుదరలేదు. కోపం మాత్రం అలాగే ఉంది. నల్లటి మనిషి నీడ, పక్కన ఎర్రటి ప్రశ్నార్థకం, పైన ‘ఆ రాత్రి ఏం జరిగింది?’ అన్న శీర్షిక. లోపలంతా ఎవరిని అనుమానించారు, ఎవరిని వదిలేశారు, ఊళ్లో ఏమనుకున్నారు అన్నదే. సెలవుల్లో తీరిగ్గా చదువుకునే డిటెక్టివ్ కథలా ఉంది. కోర్టు అధీనంలో ఉన్న సాక్ష్యాలే ధ్వంసమయ్యాయన్న ఒక్క వాక్యం కోసం చివరిదాకా వెతికాను. ఎక్కడా లేదు.

నేను కోర్టుల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరై తెనాలిలో ఉంటున్నాను. ఆ అమ్మాయిది ఈ ఊరే కాబట్టి ఇక్కడ ఎవరికీ కేసు గురించి చెప్పనక్కర్లేదు. కానీ 2007లో పుట్టిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. వాళ్ల కోసం క్లుప్తంగా రాస్తున్నాను. 2007 డిసెంబరు 27, క్రిస్మస్ అయిపోయి కొత్త సంవత్సరం ఇంకా రాని వారం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో బీఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్యకు గురైంది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. నరాల జబ్బుతో నడవడానికే ఇబ్బంది పడే అతను ఈ పని ఎలా చేయగలడని అప్పుడే చాలామంది అడిగారు, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే అడిగారు. 2010లో విజయవాడ కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు చెప్పి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అతను జైల్లోనే ఉన్నాడు. లక్ష రూపాయలను ఆ ఏళ్లతో భాగిస్తే రోజుకు ఎంత వస్తుందో మీ విలేకరి లెక్క వేసి రాసినా బాగుండేది.

ఇంతవరకు మీ కథనంలోనూ ఉంది. దాని తర్వాతది లేదు.

హైకోర్టు తీర్పు తర్వాత కేసు మళ్లీ మొదటికొచ్చింది. 2018లో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు. వాళ్లు పాత సాక్ష్యాల కోసం విజయవాడ కోర్టుకు వెళితే రికార్డులు, వస్తువులు ధ్వంసం చేసేశామన్నారు. హైకోర్టులో అప్పీలు ఉండగానే ఆ పని జరిగిపోయింది! ఆ ఏడాది నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. సీబీఐ హత్య మీద ఒక కేసు, సాక్ష్యాల ధ్వంసం మీద కోర్టు సిబ్బందిపై ఇంకో కేసు పెట్టింది. ఆ రెండో కేసు గురించి మీ పేపర్లో చివరిసారి ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు.

కోర్టులో ఇలాంటి వస్తువులు చూసుకునే పని చేసినవాణ్ణి కాబట్టి అదంతా ఎలా జరగాలో చెప్పగలను. కోర్టుకు వచ్చిన ప్రతి వస్తువు ప్రాపర్టీ రిజిస్టర్లో ఎక్కుతుంది. విచారణలో దానికి ఎం.ఓ. (మెటీరియల్ ఆబ్జెక్ట్, అంటే సాక్ష్యంగా పెట్టిన వస్తువు) నంబరు పడుతుంది. గుడ్డమూట, దాని మీద లక్క సీలు, చీటీ మీద కేసు నంబరు, మధ్యవర్తుల సంతకాలు. తీర్పులో చివరి పేరాలో జడ్జిగారు వస్తువులను ఏం చేయాలో రాస్తారు. ‘అప్పీలు గడువు ముగిశాక’ అన్న మాట అక్కడ ఉంటుంది. చట్టం కూడా అదే చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 452వ సెక్షన్ ప్రకారం పశువులు, పాడైపోయే సరుకు లాంటివి తప్ప మిగతా వస్తువులపై ఇచ్చిన ఉత్తర్వును రెండు నెలల దాకా అమలు చేయకూడదు. అప్పీలు వేస్తే అది తేలేదాకా ముట్టుకోకూడదు. హత్య కేసులో శిక్ష పడినవాడు అప్పీలుకు వెళతాడని కొత్తగా చేరిన అటెండర్‌కి కూడా తెలుసు. అనుమానం ఉంటే హైకోర్టుకు ఒక ఉత్తరం రాస్తే చాలు, అప్పీలు నంబరు వచ్చేస్తుంది. వస్తువులను ధ్వంసం చేయడం ఒక్క గుమాస్తా వల్ల అయ్యే పని కాదు. పైన సంతకాలు కావాలి. ఆ సంతకాలు ఎవరివి? ఫైలు ఎవరు పెట్టారు, ఎవరు చూసి ఆమోదించారు? జనానికి తెలియాల్సింది ఇది.

దీని ఫలితం మా ఊరు కళ్లారా చూసింది. 2019 డిసెంబరులో, మళ్లీ ఈ చలికాలంలోనే, సీబీఐ వాళ్లు తెనాలి వచ్చి పన్నెండేళ్ల కిందట పూడ్చిన ఆ బిడ్డ సమాధి తవ్వించి అవశేషాలు తీసుకున్నారు. కన్నవాళ్లకు అంతకంటే కష్టం ఉంటుందా? నిజం తేలితే చాలని వాళ్లు దానికీ ఒప్పుకున్నారు. మొదట సేకరించిన వస్తువులు ఒక బీరువాలో భద్రంగా ఉండి ఉంటే ఆ సమాధిని కదిలించాల్సి వచ్చేదా?

మీరు అదే పేజీలో కింద అమెరికా కేసు కూడా వేశారు. కొలరాడోలో బౌల్డర్ అనే ఊళ్లో 1996 క్రిస్మస్ మర్నాడు ఇంటి బేస్‌మెంట్లో శవమై దొరికిన ఆరేళ్ల పాప. 1,18,000 డాలర్లు అడిగిన ఉత్తరం గురించి మీరు చాలా రాశారు. ఆ కేసు అంతమంది చూసినా ఇప్పటికీ తేలలేదు. అక్కడి పోలీసులూ మొదటి రోజే పెద్ద తప్పు చేశారు. పాప గది ఒక్కటే మూసి, బంధుమిత్రులను ఇల్లంతా తిరగనిచ్చారు. శవాన్ని తండ్రే కనుక్కుని పైకి మోసుకొచ్చాడు. అయినా వాళ్లు ఆ వస్తువులను పారేయలేదు. పాప బట్టలు దాచి ఉంచారు కాబట్టే 2008లో కొత్త పద్ధతిలో డీఎన్ఏ పరీక్ష చేయగలిగారు. రేపు ఇంకో పద్ధతి వస్తే మళ్లీ చేయగలరు. రెండు కేసులూ పక్కపక్కన పెట్టిన మీకు ఈ తేడా ఎలా కనిపించలేదు?

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని రాశారు. దీనికి ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. సంతోషమే. కానీ క్లూస్ టీమ్ ఎంత జాగ్రత్తగా సేకరించినా ఆ మూట చివరికి చేరేది కోర్టు ప్రాపర్టీ రూమ్‌కే. నేను చూసిన గదుల్లో చెదలు, ఎలుకలు, వానాకాలం కారే స్లాబు. సీళ్లు ఊడిపోయి, చీటీలు రాలిపోయి ఏ మూట ఏ కేసుదో తెలియని పరిస్థితి. ఖాళీలు నింపరు. ఉన్న ఒక్క మనిషికే కాపీయింగ్ సెక్షన్ పని కూడా అంటగడతారు. కొత్త కోర్టు భవనం ప్రారంభమైతే మీరు ఫొటోలు వేస్తారు, ఈ గది ఫొటో ఎవరూ వేయరు.

హాస్టళ్ల గురించి కూడా చెప్పాలి. పండగ రాగానే ‘ఊరెళుతున్నారా, ఇంటికి తాళం వేసే ముందు పోలీసులకు చెప్పండి’ అని ఆటోల్లో మైకు పెట్టి తిప్పుతారు. తాళం వేసిన ఇంటికి కాపలా ఉంటుంది. మరి సగం ఖాళీ అయిన హాస్టల్లో పరీక్షలని, ఉద్యోగమని ఉండిపోయిన ఆడపిల్లల సంగతి ఎవరు చూస్తారు? వార్డెన్ సెలవులో ఉంటుంది, వాచ్‌మన్ ఊరెళతాడు, పోలీసులంతా డిసెంబరు 31 బందోబస్తులోనో కోడిపందేల దగ్గరో ఉంటారు. 2007లో అంత ఘోరం చూశాక కూడా క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా లేడీస్ హాస్టళ్లను ఒక్కసారి తనిఖీ చేసే అలవాటు మనకు రాలేదంటే నాకు చాలా బాధగా ఉంది.

ఇంకొకటి. ఆ అమ్మాయి ఫొటో అంత పెద్దది వేయాల్సిన అవసరం లేదు. ఇలాంటి అత్యాచారం, హత్య కేసుల్లో చనిపోయిన బాధితురాలి పేరు, వివరాలు కూడా బయటపెట్టకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒకప్పుడు మీ విలేకరులు కోర్టు హాల్లో సాయంత్రం దాకా కూర్చుని సాక్షి ఏం చెప్పాడో రాసుకునేవారు. సందేహం వస్తే బెంచి క్లర్కును అడిగి సరిచూసుకునేవారు. ఆ పద్ధతి ఉంటే ఈ కథనం ఇలా వచ్చేది కాదు.

మీ విలేకరిని ఒకరిని దీని మీద పెట్టమని కోరుతున్నాను. సాక్ష్యాల ధ్వంసం మీద సీబీఐ పెట్టిన కేసు ఏమైంది, శాఖాపరంగా ఎవరి మీద చర్య తీసుకున్నారు, అప్పీళ్లు పెండింగులో ఉన్న హత్య కేసుల వస్తువులు మన జిల్లా కోర్టుల్లో ఇవాళ ఎక్కడ, ఎవరి తాళంలో ఉన్నాయి, ఇవి కనుక్కుని రాయండి. వాయిదా తేదీ ఫోన్లో కనిపించే రోజుల్లో, ఎం.ఓ.లు భద్రంగా ఉన్నాయో లేదో కూడా అదే యాప్‌లో చూపించమని హైకోర్టును అడగండి. వస్తువులు ధ్వంసం చేసే ముందు బాధిత కుటుంబానికి నోటీసు ఇవ్వాలన్న నిబంధన పెట్టమని కూడా రాయండి. పాత రిజిస్టర్లు ఎలా చదవాలో మీ విలేకరికి తెలియకపోతే నా దగ్గరకు పంపండి, కూర్చోబెట్టి చెబుతాను.

ఇట్లు,
విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తెనాలి