వేయించిన పిండి చల్లారాకే వెన్నలో పడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఓట్స్ బిస్కెట్ల తయారీ వేశారు. 'మైదా, ఓట్స్ దోరగా వేయించి, వెన్న, పంచదారతో ముద్ద చేసి ఓవెన్‌లో పెట్టుకోవాలి' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. పిండిని ముందుగా వేయించడమనే ఆలోచన మాత్రం బంగారం లాంటిది. జీడిపప్పు, బాదం ఒక్క పలుకు వేయకుండానే బిస్కెట్‌కు పప్పుల కమ్మదనం తెచ్చే ఉపాయం అది. అయితే ఎంత పిండి వేయించాలి, ఎందాకా వేయించాలి, వేయించాక ఏం చేయాలి అన్న మూడు సంగతులూ అందులో లేవు. అవి తెలియకుండా మొదలుపెడితే వెన్న, పంచదార, గ్యాసు అన్నీ దండగ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

ఎలాగూ ఓవెన్‌లో కాలే పిండిని ముందే వేయించడం ఎందుకని చాలామంది అడుగుతారు. బిస్కెట్ ఓవెన్‌లో ఉండేది పావుగంట. ముద్దలో తడి ఉన్నంతసేపూ లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. పిండి ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే తడి బాగా తగ్గాలి, వేడి దాదాపు 140 డిగ్రీలు దాటాలి. అందుకే ఆ రుచి అంచుల్లో, అడుగున వస్తుంది తప్ప మధ్యలోకి చేరదు. పిండిలోని మాంసకృత్తులు, చక్కెరలు పొడి వేడికి ఒకదానితో ఒకటి కలిసి తెచ్చే మార్పు ఇది. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు కనుక మయార్ చర్య అంటారు. వేయించిన వేరుశనగపప్పుకీ, కాఫీ గింజలకీ ఆ వాసననిచ్చే పైరజీన్లనే రసాయనాలు ఇక్కడా పుడతాయి. వేయించిన మైదా డబ్బా మూత తీస్తే పల్లీలు గుర్తుకు రావడానికి కారణం అదే.

మన వంటింటికి ఇది తెలియని విద్యేమీ కాదు. సున్నుండలకు మినుములు సన్నసెగ మీద ఎర్రగా వేగకపోతే పచ్చివాసన పోదని గుంటూరు జిల్లాలో ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది. కాకపోతే మినుము గింజ, మైదా పొడి. గింజకు పైన పొట్టు ఉంటుంది, వేడి నెమ్మదిగా లోపలికి వెళుతుంది, ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా కాచుకుంటుంది. పొడికి ఆ కాపుదల లేదు. మూకుడు అడుగుకు ఆనిన పిండి మాడుతుంటే పైపిండి ఇంకా తెల్లగానే ఉంటుంది. మినుములు వేయించిన చేత్తో అదే ధీమాగా మైదా వేయిస్తే దెబ్బతినేది ఇక్కడే.

మైదాకు అడుగు మందంగా ఉన్న వెడల్పాటి మూకుడు కావాలి. ఒక విడతకు 200 గ్రాములు మించకూడదు. మూకుడు కాలాక పిండి పోసి, మంట బాగా తగ్గించి, చదునైన చెక్క గరిటెతో అడుగు గీకుతూ తిప్పుతుండాలి. మొదటి నాలుగైదు నిమిషాలు పైకి ఏ మార్పూ కనిపించదు. పిండి గరిటెకు అంటుకుంటూ, చిన్న చిన్న ఉండలు కడుతూ, కొంచెం ఆవిరి వదులుతుంది. మైదాలో సహజంగా ఉండే 12, 13 శాతం తడి పోయే దశ అది. విసుగొచ్చి మంట పెంచేది కూడా ఇక్కడే. పెంచకండి. తడి తగ్గేకొద్దీ పిండి తేలికై ఇసుకలా గరిటె మీంచి జారుతుంది. అప్పుడు చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపితే ముందున్న మెత్తటి పట్టు పోయి పొడిపొడిగా తగులుతుంది. పచ్చిపిండి వాసన పోయి, బిస్కెట్ కాలుతున్న వాసన మొదలవుతుంది. ఆ తర్వాత రంగు చాలా త్వరగా మారుతుంది. సానమీద అప్పుడే తీసిన గంధం రంగు రాగానే దించేయాలి. మొత్తం 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. దించాక మూకుట్లోనే ఉంచితే ఆ వేడికే అడుగుపిండి మాడుతుంది కాబట్టి వెంటనే వెడల్పాటి స్టీలు పళ్లెంలో పరవాలి.

ఓటీజీ, అంటే బల్లమీద పెట్టుకునే కరెంటు ఓవెన్, ఉన్నవాళ్లు ట్రేలో పిండిని ఒక సెంటీమీటరు మందాన పరిచి, 160 డిగ్రీల మీద 25 నుంచి 30 నిమిషాలు ఉంచి, ప్రతి ఏడెనిమిది నిమిషాలకూ బయటికి తీసి కలపాలి. ట్రే అంచుల్లో ఉన్నది ముందు ఎర్రబడుతుంది, దాన్ని మధ్యకు లాగాలి. గోధుమపిండిలో తవుడు, మొలక భాగం ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా మాడుతుంది. మూకుట్లో 8 నిమిషాల నుంచే కళ్లు దాని మీదే ఉండాలి. గోధుమరంగు దాటి కాఫీపొడి రంగు వచ్చిందంటే చేదెక్కిందన్నమాట. జల్లించి నల్ల రవ్వలు తీసేసినా, పంచదార ఎక్కువ వేసినా ఆ చేదు పోదు. ఆ పిండిని పారేసి మళ్లీ వేయించుకోవడమే.

ఇక మీ వంటకంలో అసలు పొరపాటు దగ్గరికి వద్దాం. ఎంత అన్నది చెప్పకపోవడంతో మైదా మొత్తం వేయించాలన్న అర్థం వస్తోంది. మైదాకు నీళ్లు తగిలితే సాగే జిగురు, అంటే గ్లూటెన్, తయారవుతుంది. బిస్కెట్‌ను కలిపి పట్టుకునేది కొంతవరకు అదే. వేయించిన పిండిలో మాంసకృత్తులు వేడికి దెబ్బతిని ఆ జిగురును సరిగా కట్టలేవు. పిండిపదార్థం కూడా కొంత విరిగి డెక్స్‌ట్రిన్లనే చిన్న ముక్కలవుతుంది. మొత్తం పిండి వేయించి చేస్తే ఓవెన్‌లోంచి చూడచక్కగా వస్తాయి, చేత్తో ఎత్తబోతే విభూతిలా రాలిపోతాయి. మైదాలో మూడో వంతు వేయిస్తే రుచి నిండుగా వస్తుంది, పట్టూ పోదు. నోట్లో కరిగిపోవాల్సిన నాన్‌ఖటాయ్‌కైతే సగం దాకా వెళ్లొచ్చు.

తూకం సంగతీ చెప్పాలి. తడి పోవడంతో పిండి దాదాపు పదో వంతు బరువు తగ్గుతుంది. 50 గ్రాముల వేయించిన మైదా కావాలంటే 60 గ్రాములు మూకుట్లో పోయాలి, వేగాక మళ్లీ తూచాలి. పోయిన తడి బదులుగా ముద్దలో ఒకటి రెండు చెంచాల పాలు పడాలి. కప్పు కొలతలతో ఈ లెక్క కుదరదు. నొక్కి నింపిన కప్పుకూ, జల్లించి పోసిన కప్పుకూ పాతిక గ్రాములకు పైగా తేడా వస్తుంది. బిస్కెట్ల విషయంలో వంటింటి కాటాయే దిక్కు.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది చల్లార్చడంలో. పిండి పైన చల్లబడినా కుప్ప మధ్యలో వేడి చాలాసేపు నిలుస్తుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. గోరువెచ్చటి పిండి పడినా వెన్న నూనెలా జారిపోతుంది, గిలక్కొట్టి పట్టించిన గాలంతా పోతుంది, ట్రే మీద ఉండలన్నీ పరుచుకుని ఒకే అట్టులా కలిసిపోతాయి. గుంటూరు, విజయవాడ వేసవిలో వంటగది గాలే వెన్నను కరిగించేంత వేడిగా ఉంటుంది. రోహిణి కార్తెలో పిండిని బల్లమీద ఎంతసేపు ఉంచినా గది వేడికంటే కిందికి దిగదు. అందుకే ముందురోజు రాత్రే వేయించి, పూర్తిగా ఆరాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వేడిగా డబ్బాలో పోస్తే మూతకు చెమట పట్టి పిండి ఉండ కడుతుంది. వాడేముందు ఎలాగూ జల్లించాలి. వేయించేటప్పుడు కట్టిన చిన్న ఉండలు జల్లెడలోనే దొరుకుతాయి, వదిలేస్తే బిస్కెట్‌లో పంటికి తగులుతాయి.

ఓట్స్ దీనికంటే సులువు. రేకులుగా ఉండే రోల్డ్ ఓట్స్ తీసుకోండి. వెంటనే ఉడికే రకం మూకుట్లోనే నలిగి పొడవుతుంది, మసాలా ఓట్స్ అసలు పనికిరావు. మైదాలో కొవ్వు ఒక శాతం అయితే ఓట్స్‌లో ఏడు శాతం దాకా ఉంటుంది. వేగితే వాటి రుచి పప్పులకు అంత దగ్గరగా రావడంలో ఆ కొవ్వు పాత్ర ఉంది. సన్నసెగ మీద 6 నుంచి 8 నిమిషాలు, లేదా 170 డిగ్రీల ఓటీజీలో 10 నుంచి 12 నిమిషాలు చాలు. గరిటె తిప్పుతుంటే రేకులు గలగలమనాలి, వేళ్ల మధ్య వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. ఇంకాస్త కమ్మదనం కావాలంటే బిస్కెట్ కోసం తీసిన వెన్నలోంచి 15 గ్రాములు మూకుట్లో కరిగించి అందులో వేయించవచ్చు. చల్లారాక సగం ఓట్స్ మిక్సీలో రవ్వలా ఆడించి, సగం రేకులుగానే ఉంచితే ముద్దకు పట్టూ, పంటికి పనీ రెండూ దొరుకుతాయి.

గుడ్డు లేకుండా 24 బిస్కెట్లకు మా కొలత ఇది. వేయించిన మైదా 50 గ్రాములు, పచ్చి మైదా 100 గ్రాములు, వేయించిన ఓట్స్ 80 గ్రాములు, ఉప్పులేని వెన్న 120 గ్రాములు, పంచదార పొడి 110 గ్రాములు, పాలు 30 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ అర టీచెంచా, వంటసోడా పావు టీచెంచా, ఉప్పు పావు టీచెంచా. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరగకూడదు. వెన్న, పంచదార మూడు నాలుగు నిమిషాలు తెల్లబడేదాకా గిలక్కొట్టి, బేకింగ్ పౌడర్, వంటసోడా, ఉప్పు కలిపి జల్లించిన పిండి, ఓట్స్ వేసి, పాలు చిలకరిస్తూ ముద్ద చేయాలి. చపాతీ పిండిలా పిసకొద్దు. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. వేయించిన పిండి, ఓట్స్ పాలను నిదానంగా తాగుతాయి. ఆ గడువు ఇవ్వకపోతే ఉండ చేసేటప్పుడు పగుళ్లు వస్తాయి, అవి చూసి పాలు ఇంకా పోస్తారు, బిస్కెట్ గట్టిపడుతుంది. ఒక్కోటి 20 గ్రాముల ఉండ చేసి, సెంటీమీటరు మందాన నొక్కి, రెండేసి అంగుళాల ఎడంతో సర్దాలి. వేసవిలోనైతే ట్రేతో సహా ఇంకో ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఓటీజీని 170 డిగ్రీల మీద పది నిమిషాలు ముందే వేడెక్కించి, మధ్య అరలో 13 నుంచి 15 నిమిషాలు కాల్చాలి. ఇక్కడ ఒక చిక్కుంది. వేయించిన పిండి వల్ల ముద్ద ముందే కొంత గోధుమరంగులో ఉంటుంది కాబట్టి పైరంగు చూసి కాలిందనుకుని పచ్చిగానే దించేస్తారు. అట్లకాడతో ఒకదాన్ని లేపి అడుగు చూడండి. అంచు చుట్టూ ముదురు బంగారు రంగు వచ్చి, నడిమి భాగం ఇంకా మెత్తగా ఉంటే సరైన సమయం. ట్రే మీదే అయిదు నిమిషాలు ఆగితే గట్టిపడతాయి. వేడి మీద తీయబోతే విరుగుతాయి.

నెయ్యితో చేసుకునేవారికి ఒక మాట. వెన్నలో సుమారు 16 శాతం నీరుంటుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. 120 గ్రాముల వెన్న బదులు 100 గ్రాముల పూసకట్టిన నెయ్యి తీసుకుని, ఇంకో పెద్ద చెంచా పాలు కలపాలి. బెల్లం ఇష్టమైతే పంచదారలో మూడో వంతు మాత్రమే మార్చండి. బెల్లం తేమను లాగుతుంది, వానాకాలంలో బిస్కెట్లు మర్నాటికే మెత్తబడతాయి. సోడా మాత్రం పెంచొద్దు. రంగు త్వరగా వస్తుంది గానీ సబ్బు రుచి వస్తుంది.

వేయించిన మైదా గాలి చొరని డబ్బాలో నెల దాకా బాగుంటుంది. గోధుమపిండి, ఓట్స్ వాటిలోని కొవ్వు వల్ల త్వరగా ముక్క వాసన పడతాయి, రెండు వారాల్లో వాడేయాలి.

ఆరోగ్యం విషయంలో కూడా మీ వంటకం కింద రాసిన మాటలు సరిదిద్దాలి. వేయించినంత మాత్రాన గోధుమలోని గ్లూటెన్ పోదు. అది పడనివారికి ఈ బిస్కెట్లు పనికిరావు. మామూలు ఓట్స్‌లోనూ గోధుమ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. వేయించిన పిండే కదా అని పచ్చి ముద్దను పిల్లల చేతిలో పెట్టడమూ తప్పే. పొడిపిండిలో హానికర సూక్ష్మజీవులు వేడిని బాగా తట్టుకుంటాయి, ఇంటి మూకుడు వాటన్నిటినీ చంపుతుందని నమ్మడానికి లేదు. జీడిపప్పు, బాదం లాంటి పప్పులు పడని పిల్లలకు మాత్రం, ఓట్స్ పొట్లం మీద పప్పుల హెచ్చరిక లేదని చూసుకుని చేస్తే, ఆ రుచిని భయం లేకుండా అందించే దారి ఇది. మీరు ఆ మాట రాయనే లేదు.

దయచేసి ఆ వంటకాన్ని గ్రాముల కొలతలతో, 'మైదాలో మూడో వంతు', 'పూర్తిగా చల్లారాక' అన్న రెండు మాటలు చేర్చి మళ్లీ అచ్చు వేయండి. ఎండలు ముదరకముందే వేస్తే, ఇక్కడి వంటగదుల్లో వెన్న ఇంకా గట్టిగా ఉండగానే చేసుకుంటారు.

ఇట్లు,
ఇంటి దగ్గర బిస్కెట్లు చేసి ఆర్డర్ల మీద ఇచ్చే కొందరం,
బ్రాడీపేట, గుంటూరు