బడి పత్రికలో పిల్లల రాతలేవి?

సంపాదకులకు,

నేను హైస్కూల్లో 9 ఏళ్లు పత్రిక క్లబ్బు పని చూసిన తెలుగు టీచర్ని. ఇప్పుడు చాలా బడి పత్రికల్లో హెడ్మాస్టర్ సందేశం, ర్యాంకుల ఫొటోలు, నెట్‌లో దొరికిన సూక్తులే ఉంటున్నాయి. చూస్తే బాధేస్తుంది.

మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు పేజీలు నాలుగేసి చొప్పునే పెరగాలి. ఒక ఏడాది 18 పేజీల మేటర్ వచ్చింది, 16కి తేవాలి. ఏది తీసేయాలో పిల్లలే రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన కథను తనే సగానికి కుదించుకుంది. ఏ పరీక్షకు చదివితే వస్తుంది ఆ నేర్పు?

మరోసారి మంచినీళ్ల కుళాయిలు పాడయ్యాయని పిల్లలు రాస్తే, ఆ పేజీ వద్దని బడి పెద్దలు అన్నారు. టెన్షన్‌తో నేనూ తీసేశాను. తప్పు చేశాను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం పిల్లల భావప్రకటన హక్కును అచ్చులో సైతం గుర్తించింది. అది తెలిశాక ఆ పేజీ ఇంకా గుర్తొస్తోంది.

పాఠశాలలను కోరేది ఒక్కటే. వారానికి ఒక్క పీరియడ్ క్లబ్బులకు వదలండి. పరీక్షలు దగ్గరపడ్డాయని దాన్ని లెక్కల క్లాసుకు ఇచ్చేయకండి.

– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు