భయపెట్టే బొమ్మల మీద తెర కప్పొద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

ఆదివారం సంచికలో స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన శాటర్న్ బొమ్మ, అదే కన్నబిడ్డనే పీక్కుతినే ముసలి దేవుడి బొమ్మ, అచ్చేసినందుకు కొందరు పాఠకులు కోపంగా రాసిన ఉత్తరాలు మీరు వరసగా వేస్తున్నారు. ఇలాంటివి పేపర్లో వద్దు, పిల్లల పుస్తకాల్లో వద్దు, మ్యూజియంలో కూడా ఎక్కడో పక్క గదిలో పెట్టి తలుపేయాలి, ఇదీ వాటి సారాంశం. పొద్దున్నే పేపర్ తెరవగానే ఆ గుడ్లు మిటకరించుకున్న మొహం కనబడితే గుండె జల్లుమంటుంది, నాకూ జల్లుమంది, అందులో తప్పేం లేదు. కానీ ఒకాయన "కళ అంటే హాయినివ్వాలి, ఇదంతా ఈ కాలపు పైత్యం" అన్నారు చూడండి, దానికి జవాబు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఈ కాలపు పైత్యమే అయితే భువనేశ్వర్‌లో వైతాళ దేవళం గర్భగుడిలో 8వ శతాబ్దం నాటి చాముండ ఎందుకుంది? డొక్కలెండిపోయి, కపాలాల దండ వేసుకుని శవం మీద కూర్చుని ఉంటుంది, ఒకపక్క నక్క, ఇంకోపక్క గుడ్లగూబ. ఆ శిల్పికి అందమైన ఆడమనిషిని చెక్కడం రాక కాదు కదా, అదే గుడి బయటి గోడల మీద ఎంత సొగసైన బొమ్మలున్నాయో చూసినవాళ్లకి తెలుసు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకో బొమ్మ గురించి. ఫ్రాన్స్‌లో కోల్మార్ అనే ఊళ్లో ఉంది, ఐసెన్‌హైమ్ ఆల్టర్‌పీస్ అంటారు, అంటే చర్చిలో పూజావేదిక దగ్గర పెట్టే పెద్ద బొమ్మ, గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు 1512-16 మధ్య వేశాడు. శిలువ మీద క్రీస్తు బొమ్మలు లోకంలో వేలున్నాయి గానీ ఇలాంటిది నేనైతే ఇంకోటి చూళ్లేదు. ఒళ్లంతా ముళ్లు విరిగి చర్మంలోనే ఉండిపోయాయి, వాటి చుట్టూ పుళ్లు, చర్మం ఆకుపచ్చగా కమిలిపోయింది, అరచేతుల్లో మేకులు దిగిన చోటి నుంచి వేళ్లు కొంకర్లు పోయి పైకి లేచి ఉంటాయి, ఆ వేళ్లే అరుస్తున్నట్టుంటాయి. మరి ఇంత ఘోరంగా ఎందుకేశాడు అంటే, అది వేయించింది సెయింట్ ఆంథొనీ సన్యాసుల మఠం కోసం, అక్కడ ఒక జబ్బుకి వైద్యం చేసేవాళ్లు. రై అనే ధాన్యపు గింజలకి ఫంగస్ పట్టి ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్లకి వచ్చే జబ్బు అది, ఒళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండేది, కాళ్లూ చేతులూ నల్లబడి కుళ్లిపోయేవి, చాలామందికి కోసేయాల్సొచ్చేది. అలాంటి రోగుల్ని ఈ బొమ్మ ముందుకి తీసుకొచ్చేవాళ్లు. దీనికి తలుపుల్లాంటి పలకలుంటాయి, ఈ శిలువ బొమ్మ వాటి బయటి వైపున ఉంటుంది, లోపల పునరుత్థానం, వెలుగులో తేలిపోతున్న క్రీస్తు, రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. ఆ తలుపులు తీసేది పండగలప్పుడు. మామూలు రోజుల్లో మూసే ఉంచేవాళ్లు, అంటే రోగులకి ఎక్కువ రోజులు కనబడింది ఈ పుళ్లు పడ్డ ఒళ్లే. వాళ్ల బాధ పడ్డ దేవుడు వాళ్లకి కావాలి, నవ్వుతూ కూర్చున్న దేవుడు ఆ రోగులకి ఏం చెప్తాడు?

గోయా సంగతి వేరే, శాటర్న్ బొమ్మ ఆయన ఎవరికీ అమ్మడానికి వేసింది కాదు. 70 దాటాక, చెవులు వినబడక, మాడ్రిడ్ బయట కొనుక్కున్న ఇంటి గోడల మీద 1819-23 మధ్య వేసుకున్న 14 బొమ్మల్లో అదొకటి, పేరు కూడా ఆయన పెట్టలేదు, ఆయన పోయిన చాలా ఏళ్లకి గోడల మీంచి ఒలిచి కాన్వాస్ మీదకి ఎక్కించారు. అంతకుముందు నెపోలియన్ సైన్యం స్పెయిన్ మీద పడ్డప్పటి ఘోరాలన్నీ రాగిరేకుల మీద చెక్కాడు, ఒకదాని కింద "చూడలేం" అని, ఇంకోదాని కింద "నేను చూశాను" అని రాసుకున్నాడు. అవి జనంలోకి వచ్చింది 1863లో, ఆయన చనిపోయిన 35 ఏళ్లకి.

ఇప్పుడు తలుపెయ్యాలి అనేవాళ్లు ఒకటి ఆలోచించాలి, ఇలాంటి బొమ్మల మీద ఇంతవరకు తెరలు కప్పింది ఎవరు, ఎందుకు. ఒట్టో డిక్స్ అనే జర్మన్ చిత్రకారుడు మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్ గన్ పేల్చినవాడు, ఆ కందకాల్లో శవాలు ఎలా పడున్నాయో ఉన్నదున్నట్టు వేస్తే కొలోన్ మ్యూజియం వాళ్లు దానికి తెర కట్టారు, తర్వాత వెనక్కే ఇచ్చేశారు, నాజీలొచ్చాక ఆయన టీచర్ ఉద్యోగం పీకి, 1937లో ఆ బొమ్మని "దిగజారిన కళ" అని వెక్కిరిస్తూ ఊరందరికీ చూపించారు, ఇప్పుడది ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మన దగ్గర చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు 1943 బెంగాల్ కరువులో మిడ్నపూర్ తిరిగి, ఆకలితో ఎముకలు తేలిన మనుషుల్ని ఎదురుగా కూర్చుని గీశాడు, ఆ బొమ్మలతో వేసిన పుస్తకం 5000 కాపీలు అచ్చయితే బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు అన్నీ పట్టుకుని తగలబెట్టింది. పాఠకుల గుండెలు అదురుతాయని తగలబెట్టారా? 2003 ఫిబ్రవరిలో ఇరాక్ యుద్ధం గురించి అమెరికా విదేశాంగ మంత్రి మాట్లాడ్డానికి వస్తున్నాడంటే, ఐక్యరాజ్య సమితిలో భద్రతా మండలి బయట ఉన్న, బాంబు దాడి మీద పికాసో వేసిన గెర్నికా చిత్రానికి నేసిన నకలు మీద నీలం గుడ్డ కప్పేశారు, టీవీ కెమెరాలకి వెనకాల బాగోదన్నారు. బాంబుల కింద నలిగిన పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న తల్లి ఉంటుంది అందులో.

అలాగని రక్తం పూసిన ప్రతిదీ కళ అని నేననను. చూసేవాడు ఉలిక్కిపడితే చాలు అనుకుని చేసేవీ ఉన్నాయి, అవి నాకస్సలు నచ్చవు, బాధపడే మనిషి పక్కన నిలబడి గీసిందా, ఆ బాధని సరుకుగా చేసి గీసిందా అన్నది కాస్త నిదానంగా చూస్తే తెలిసిపోతుంది. చిన్నపిల్లలకి చెప్పా పెట్టకుండా చూపించడం కూడా తప్పే. గది బయట ఒక బోర్డు పెట్టండి, లోపల ఏముందో ముందే చెప్పండి, పై క్లాసుల పుస్తకాల్లో బొమ్మ పక్కనే దాని కథ రాయండి, వద్దనుకున్నవాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు. ఈ పిల్లలే ఫోన్లో నిజం చావులు, నిజం కొట్లాటలు ముందూ వెనకా ఏమీ తెలీకుండా స్క్రోల్ చేసేస్తున్నారు, అక్కడ వివరం చెప్పే మనిషి ఎవరూ లేరు.

మీరు చేసిన లోపం కూడా ఒకటుంది, కోపం తెచ్చుకోవద్దు. ఆ శాటర్న్ బొమ్మని స్టాంపు సైజులో వేసి, కింద పేరు తప్ప ఒక్క ముక్క రాయలేదు, అందుకే అంతమంది బెదిరిపోయారు. దయచేసి ఉత్తరాలకి జడిసి ఈ బొమ్మల శీర్షిక ఆపేయకండి. వచ్చే వారం ఐసెన్‌హైమ్ బొమ్మని సగం పేజీలో వేసి, ఆ మఠం గురించి, ఆ జబ్బు గురించి రాయించండి, మూసిన తలుపుల బొమ్మ, తీసిన తలుపుల బొమ్మ రెండూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు